లిరిక్స్: జానపదం

ఈ వేసవిలో మా జనగామ వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకటే పాట. బరాత్‌లో డీజే బండి కదిలిందంటే అదే మోత. గల్ఫులో ఉన్న అల్లుడు అత్తకు ఫోన్‌పే కొడతాడు, అత్త మురిసిపోతుంది, మరదలు అలుగుతుంది, మామ మాత్రం నాకేదిరా అంటాడు. ఇదీ కథ. నాకు తెగ నచ్చి యూట్యూబ్‌లో వెతికాను. వీడియో కింద పేర్ల పట్టీ బారెడు ఉంది. కెమెరా ఎవరు, డ్రోన్ ఎవరు, ఎడిటింగ్ ఎవరు, పోస్టరు ఎవరు గీశారు, చీరలు ఏ దుకాణం ఇచ్చింది, షూటింగుకు పొలం ఇచ్చిన పెద్దమనిషి ఎవరు, అందరూ ఉన్నారు. లిరిక్స్ అన్నచోట మాత్రం 'జానపదం' అని ఉంది.

తాతల నాటి జానపదంలోకి ఫోన్‌పే ఎట్లా వచ్చిందో ఆ చానెల్ వాళ్ళే చెప్పాలి.

మా తమ్ముడి కొడుకు ఉస్మానియా యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేసి ఈ మాటే అంటే పగలబడి నవ్వాడు. "జానపదం లేదు, ఏం లేదు అత్తా. మా హాస్టల్ల ఉన్న అన్న రాసిండు. ఇప్పుడు తార్నాకల రూమ్ తీస్కుండు. నువ్వు రా, కలిపిస్త" అన్నాడు. పాట రాసినవాడు బతికుండగా, అదీ బస్సెక్కితే అందేంత దూరంలో ఉండగా, చూడకుండా ఎట్లా ఉంటాను?

హనుమకొండ నుంచి వచ్చే బస్సు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దింపేసింది. అక్కడి నుంచి మెట్రో. స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ దాటితే తార్నాక. మా ఆయన ఆర్టీసీలో ఉన్నన్నాళ్ళూ తార్నాక అంటే మాకు ఆర్టీసీ ఆసుపత్రే. చీటీ, క్యూ, మందుల కౌంటరు తప్ప ఆ ఊరికి ఇంకో ముఖం ఉందని అనుకోలేదు. రైలు పెట్టెలో నా చుట్టూ ఉన్న పిల్లలందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంది. ఎవరి పాట వారిదే. మా చిన్నతనంలో పాట అడగకుండానే వచ్చి మీద పడేది. గుడి మైకులోంచో, హోటల్ రేడియోలోంచో, నాట్లేసే ఆడవాళ్ళ గొంతులోంచో. ఇప్పుడు పక్కవాడు ఏం వింటున్నాడో తెలియాలంటే వాడి ఫోన్‌లోకి తొంగి చూడాలి, అది మర్యాద కాదు.

మేనల్లుడు స్టేషన్ కింద బండితో ఉన్నాడు. పాట రాసినవాడు సాయంత్రం కలుస్తాడట, అందాకా క్యాంపస్‌కు నడుద్దామన్నాను. ఎండకు గొణుక్కుంటూనే బండి అక్కడే పెట్టి వచ్చాడు. ఇఫ్లూ గోడ దాటాక చెట్లు దట్టంగా అయ్యాయి, తార్నాక హారన్ల గోల వెనకబడింది. క్యాంపస్‌లోనే ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం గురించి వాడికి తెలియదు. తాటాకు పుస్తకాలు వేలల్లో ఉంటాయని చెప్పాను. ఆ తాటాకు పుస్తకాల్లో చాలావాటి చివర కవి పేరు సరే, దాన్ని చూసి నకలు రాసిన లేఖకుడు కూడా తన పేరు, ఊరు, తిథి వేసుకునేవాడు. వీపు వంగిపోయింది, కళ్ళు మసకలయ్యాయి, జాగ్రత్తగా దాచుకోండని బతిమాలుకున్న వాళ్ళూ ఉన్నారు. డ్రోన్ ఎగరేసినవాడి పేరు వేయడం తప్పు కాదు. తాటాకు కాలంలో కూడా అటువంటి పద్ధతి ఉంది. రాసినవాడి పేరు తీసేయడం మాత్రం కొత్త పద్ధతి.

ఆర్ట్స్ కాలేజీ ఎన్నిసార్లు చూసినా మొదట కాసేపు ఏమీ మాట్లాడబుద్ధి కాదు. ఆ గులాబీరంగు రాయి, ఆ ఎత్తైన కమాను. 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. దానికి ఏడాది ముందే, 1938లో, ఇక్కడి హాస్టల్ పిల్లలు వందేమాతరం పాడినందుకు విశ్వవిద్యాలయం నుంచి బయటకు పోవాల్సి వచ్చింది. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నారు. ఆ ఉద్యమం వల్ల నాగపూర్ వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు కూడా ఒకరు. పాట పాడితే చదువు పోయిన చోటు ఇది. డెబ్భై ఏళ్ళు దాటాక, 2009 చివర్లో, ఇదే క్యాంపస్‌లో పాట ఆగితే తెలంగాణ ఉద్యమం ఆగుతుందా అన్నంతగా పాడారు. లాఠీలకూ బాష్పవాయువుకూ మధ్య ధూంధాం నడిచింది. 2010 జనవరి 3న జరిగిన విద్యార్థి గర్జన గురించి మా ఊరి పిల్లలు చెబుతుంటే ముందు పాటల సంగతే చెప్పారు, ఉపన్యాసాల సంగతి ఆ తర్వాతే.

మెట్ల మీద కుర్రాళ్ళు కొందరు కూర్చుని ఉన్నారు. ఒకడు చేతిలోని పుస్తకం మీద దరువేస్తూ 'బండెనక బండి' ఎత్తుకున్నాడు. బాగా పాడాడు. ఎవరి పాట బాబూ అంటే, "గద్దరన్నది మేడమ్" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

ఆ పాట తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో గద్దర్ తెర మీద నిలబడి పాడాడు, అంతే, పాట ఆయనదైపోయింది. గద్దర్ దాన్ని దొంగిలించాడని కాదు. గొంతు అంత పెద్దదైతే దాని వెనక రాసినవాడు కనిపించడు. 2024 డిసెంబరులో ప్రభుత్వం తొమ్మిది మంది కవులకు, ఉద్యమకారులకు కోటి రూపాయలు, మూడు వందల గజాల స్థలం చొప్పున ప్రకటించినప్పుడు ఆ జాబితాలో గద్దర్ పేరుంది, విడిగా బండి యాదగిరి పేరూ ఉంది. సుమారు ఎనభై ఏళ్ళ తర్వాత పాట అసలు చిరునామాకు ఉత్తరం చేరింది. అందుకోవడానికి ఇద్దరిలో ఎవరూ లేరు.

నేనిది చెబితే పాడిన పిల్లాడు ఫోన్ తీసి పేరు రాసుకున్నాడు. పక్కవాడు మాత్రం, "పాట ప్రజలదే కదా మేడమ్, పేరెందుకు?" అన్నాడు. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచి పరిచయమే. చెప్పినవాళ్ళలో నిజాయితీపరులు ఎందరో ఉన్నారు. గద్దర్‌కే 1995లో 'ఒరేయ్ రిక్షా' పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నాడు. తన పాటను ఎవరు ఎక్కడ పాడుకున్నా ఆయన పైసా అడిగాడని నేను వినలేదు. అది ఆయన ఇష్టపడి ఇచ్చింది. ఇచ్చేయడానికీ గుంజుకోవడానికీ మధ్య తేడా ఉంది, వ్యాపారం చేసేవాళ్ళు ఆ రెండింటినీ ఒక గాటన కట్టేసి ప్రజల పేరు చెప్పి జేబులో వేసుకుంటున్నారు. ప్రకటనల డబ్బు ప్రజలకు పంచుతున్నారా మరి?

మధ్యాహ్నం క్యాంటీన్‌లో తెలుగు ఎం.ఏ. చదివే ఆదిలాబాద్ అమ్మాయి ఒకతి మాతో కలిసింది. కొత్త పాటలు మీకెట్లా దొరుకుతాయని అడిగాను. ఫోనే ముందుకు తోస్తుంది కదా అనుకున్నాను. "ఫోన్ తోసేది ఇప్పటికే పది లక్షల మంది విన్న పాటనే అక్కా. కొత్తది మనిషే చెప్పాలె" అంది. వాళ్ళ హాస్టల్లో ఒక గది ఉందట. అందులో ఉండే సీనియర్ రాత్రి భోజనాలయ్యాక బ్లూటూత్ స్పీకర్ గుమ్మం మీద పెట్టి, ఆ వారం తను పట్టిన పాట వేస్తుంది. ముందు పేర్లు చెబుతుంది, రాసినవాళ్ళవి, పాడినవాళ్ళవి, తర్వాతే పాట. చౌరస్తా బ్యాండ్ పాటలు ఈమెకు ఇంతకుముందున్న హాస్టల్లో ఇట్లాగే తెలిశాయట. సినిమా లేకుండా తెలుగులో బ్యాండు నిలబడుతుందని అప్పుడే తెలిసిందంది. తర్వాత ఆ బ్యాండులోని రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్ళి 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాటతో ఇంటింటికీ చేరాడు. "మేము ముందే విన్నం" అని ఆమె గర్వంగా చెప్పింది. ఆ గర్వం అర్థమైంది. ఎన్టీఆర్ మొదటి సినిమా చూశామని మా నాన్న కూడా అట్లాగే చెప్పేవాడు.

ఆమె ఫోన్‌లో వాళ్ళ నానమ్మ పాడిన పాటలు చాలా ఉన్నాయి. ఒకటి వినిపించింది. వెనకాల మేకల అరుపు, గిన్నెల చప్పుడు. ఎక్కడా పెట్టదట. "పెట్టిన్నంటే తెల్లారేసరికి ఎవరో తీస్కపోయి బీట్ కొట్టి వదుల్తరు. మా నానమ్మ పేరుండది, మా ఊరి పేరుండది."

ఇదే విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. 1958లో అది 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అనే పుస్తకంగా వచ్చింది. పల్లె పాటకు విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయించిన మనిషి ఆయన. ఆయన పోగుచేసిన పాటలకు కర్తలు లేరంటే నిజంగానే లేరు. నూరు నోళ్ళలో నలిగి, నూరు చోట్ల మారి వచ్చాయి. అటువంటి పాటకు చట్టంలోనూ ఒక కర్త అంటూ ఉండడు. అయితే దాన్ని వెతికి పట్టినవాళ్ళ కష్టం ఎవరిది? 'సారంగదరియా' 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోకి వచ్చినప్పుడు ఈ తగాదా టీవీల దాకా పోయింది. ఊరి పాటకు సుద్దాల అశోక్ తేజ సినిమాకు తగ్గట్టు చరణాలు కట్టారు, మంగ్లీ పాడింది. ఈ పాటను నేను సేకరించి వేదికల మీద పాడుతున్నాను, నా సంగతేమిటని ఒక గాయని అడిగింది. నాకు ఆమె అడగడమే నచ్చింది. సేకరించినందుకు పాట సొంతమైపోదు. కానీ పది ఊళ్ళు తిరిగి పాట పట్టుకొచ్చిన వాళ్ళకు ఒక పేరు, ఒక కూలి ఉండాలని అడగడంలో అత్యాశ ఏముంది?

సాయంత్రం తిరిగి తార్నాక. ఒక సందులో మూడంతస్తుల మీద గది. ఫోన్‌పే పాట రాసిన పిల్లవాడు ఎట్లా ఉంటాడో అనుకున్నాను గానీ, ఇట్లా బక్కగా, సిగ్గుపడుతూ, నా కాళ్ళకు మొక్కబోయేవాడని అనుకోలేదు. గదిలో కిటికీకి పరుపు నిలబెట్టారు, గోడలకు గుడ్ల అట్టలు. ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక కీబోర్డు. కొత్త పాట రికార్డింగు నడుస్తోంది. డప్పు కొట్టే అతను పగలు గోడలకు రంగులేసే పని చేస్తాడట, చేతి గోళ్ళలో ఇంకా నీలం రంగు ఉంది.

డప్పుకు సెగ కావాలి. గదిలో మంట పెట్టలేరు కదా. అందుకని అతను పాత పేపర్లు, కొబ్బరి మట్టలు పట్టుకుని డాబా మీదికి పోతాడు. అక్కడ మంట రాజేసి తోలు బిగిసేదాకా డప్పును తిప్పుతూ కాస్తాడు. వేలితో కొట్టి చూసి, ఇక చాలనుకోగానే మెట్ల మీద పరుగు. ఎడమ చేతి సిటికెన పుల్ల, కుడి చేతి సిర్ర మైకు ముందు లేవడమే తరువాయి, చల్లబడేలోపు రెండు మూడు టేకులు అయిపోవాలి. ఒక టేకు అద్భుతంగా వస్తున్న సమయానికి లాలాగూడ వైపు నుంచి రైలు కూత. అందరూ తలలు పట్టుకున్నారు. అతను మాత్రం డప్పు చంకన పెట్టుకుని మళ్ళీ డాబా ఎక్కాడు.

ఆ విరామంలోనే ఫోన్‌పే పాట అగ్రిమెంటు చూశాను. వంద రూపాయల బాండు పేపరు, మొత్తం ఇంగ్లీషు. పాట మీద ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా సర్వహక్కులూ చానెల్‌వి. ఇచ్చింది ఐదు వేలు. "అప్పుడు మెస్ బిల్లు కట్టాల్సుండె అక్కా" అన్నాడు. తర్వాత వాడు తన పాటను తానే, ఉత్త గొంతుతో పాడి సొంత చానెల్లో పెట్టుకుంటే హక్కుల ఉల్లంఘన అని నోటీసు వచ్చింది. యూట్యూబ్‌లో ఆ పని చాలావరకు మనిషి చేయడు, కంటెంట్ ఐడీ అనే యంత్రం చేస్తుంది. హక్కుదారు అని ఎవరు ముందు నమోదు చేసుకుంటే వాళ్ళ మాటే దానికి వేదం. బిడ్డను ఎత్తుకున్నందుకు తల్లికి జరిమానా.

క్యాంపస్‌లోని లా కాలేజీలో చదివే అమ్మాయి ఒకతి ఈ బృందానికి వకీలు. ఇంకా పట్టా రాలేదు గానీ పట్టు మాత్రం ఉంది. ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. ఒక పాటలో రెండు రకాల ఆస్తులు ఉంటాయి. మాటలూ బాణీ ఒకటి, దాన్ని రికార్డు చేసిన ధ్వని ఇంకొకటి. రెండూ వేర్వేరుగా అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు. పాట అడిగేవాళ్ళు ఈ తేడా చెప్పకుండా రెండూ కలిపి అడుగుతారు. రాతపూర్వకంగా సంతకం లేనిదే హక్కు చేతులు మారదు. కాగితంలో గడువు రాయకపోతే 1957 నాటి కాపీరైటు చట్టం దాన్ని ఐదేళ్ళే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే తెలివైనవాళ్ళు శాశ్వతంగా, ప్రపంచమంతటా అని మరిచిపోకుండా రాస్తారు.

"అయితే రెండు పోవు అక్కా" అంది. అన్నీ రాసిచ్చినా 57వ సెక్షను కింద ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. కాబట్టి జానపదం అని వేసిన మాట దిద్దించవచ్చు. ఇక 2012లో వచ్చిన సవరణ ప్రకారం మాటలు రాసినవాడికి, బాణీ కట్టినవాడికి రాయల్టీలో హక్కు రాయించుకున్నవాళ్ళతో సమాన వాటా ఉంది, దాన్ని అగ్రిమెంటుతో కూడా లాక్కోలేరు. ఆ సవరణ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా నిలబడ్డాడు. అంతకుముందు 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కంతా నిర్మాతదేనని తేల్చేసింది. ముప్పై అయిదేళ్ళు రాసినవాళ్ళు అట్లాగే గడిపారు. ఇప్పుడు వాటా వసూలు చేసి పెట్టే సంఘం ఉంది, ఐపీఆర్ఎస్. 1969 నుంచీ ఉంది. "సభ్యత్వం తీస్కోమని ఆర్నెల్ల సంది చెప్తున్న, ఈన ఆధార్ కార్డు జిరాక్సు తియ్యడు" అని కవి మీద విరుచుకుపడింది. కవి తల దించుకుని కీబోర్డు మీట ఒకటి నొక్కాడు.

కొత్త పాట మాత్రం ఏ చానెల్‌కూ ఇవ్వడం లేదు. నెట్‌లో పంపిణీ చేసే కంపెనీకి ఏడాదికింత అని కడితే స్పాటిఫై, జియోసావన్ లాంటివాటన్నింటిలో పెడతారు, హక్కు వీళ్ళ దగ్గరే ఉంటుంది. ప్రతి రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అని పన్నెండు అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది, బండికి నంబరు ప్లేటు మాదిరి. దానితో పాటు పంపే వివరాల్లో రాసినవాడి పేరు ఒకసారి సరిగా ఎక్కితే పాట ఎక్కడికి పోయినా పేరు వెంట పోతుంది. అంతా బాగానే ఉంది గానీ దీంతో కోట్లు వస్తాయని ఎవరూ అనుకోవడం లేదు. స్పాటిఫై 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినని పాటకు రికార్డింగు రాయల్టీ ఇవ్వడం మానేసింది. హక్కు ఉంటుంది, పైసా ఉండదు. చానెల్‌కు ఇస్తే లక్షల మంది వింటారు, హక్కు ఉండదు. గదిలో ఉన్న వాళ్ళంతా ఈ లెక్క తెలిసే దిగారు.

ఇంతలో డప్పు దిగింది, ఈసారి రైలు రాలేదు, టేకు ఓకే అయింది. చాయ్ తెప్పించారు. వాటాల కాగితం బయటికి వచ్చింది. లా అమ్మాయి ఒక తెల్లకాగితం మీద గీతలు గీసింది. మాటలు, బాణీ, గొంతు, సంగీతం. ఎవరికెంత.

డప్పు అతను వాటా వద్దన్నాడు. "నాకు పర్సంటేజీ ఎందుకు తమ్మీ, ఇయ్యాల్టి కూలి ఇయ్యి చాలు. రేపు మళ్ళ గోడకు పోవాలె." కవి పట్టుబట్టాడు. కూలీ ఇస్తాం, వాటా కూడా రాస్తాం అన్నాడు. ఐదు వేలకు పాట ఎట్లా పోయిందో వాడికే తెలుసు మరి. ఆ డప్పు అతను కాసేపు ఆలోచించి, "రాసేటట్టయితే డప్పు అని రాయకురి. సంగీతం అని రాయురి" అన్నాడు.

కీబోర్డు తమ్ముడికి అది నచ్చలేదు. సంగీతం నాది కదా, ఆయన వాయించిండు, నేను కట్టిన అన్నాడు. "నువ్వు కట్టిన పాట ఏ దరువు మీద కట్టినవ్? నేను కొట్టిన దరువు మీద కాదా?" అని డప్పు అతను నెమ్మదిగానే అడిగాడు. దరువు బాణీలో భాగమా కాదా అని అందరూ లా అమ్మాయి వైపు చూశారు. రేపు సార్‌ను అడిగి చెబుతానంది. కీబోర్డు తమ్ముడు రెండో చాయ్ ముట్టలేదు. మేనల్లుడు గడియారం చూపించి, ఉప్పల్లో ఆఖరి బస్సు పోతుందని నన్ను లేవదీశాడు. మెట్లు దిగుతుంటే పైనుంచి ఇంకా వినబడుతూనే ఉంది, ముప్పయ్యా, ఇరవయ్యా అని.